నెత్తళ్ల రేటు ఎందుకు పెంచామంటే

మా దగ్గర ఎండుచేపలు తెప్పించుకునే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి నెత్తళ్లు కిలో 450 రూపాయల నుంచి 520 అయ్యాయి. రొయ్యపప్పు కూడా కొంచెం పెరిగింది. వేట సరిగ్గా లేదా అని చాలామంది ఫోన్ చేసి అడిగారు. నెత్తళ్లు బాగానే పడుతున్నాయి. వాటిని ఆరబెట్టుకునే చోటే పోయింది.

మాది విజయనగరం జిల్లా భోగాపురం మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. సరుగుడు తోట పక్కన ఒక రైతు ఖాళీ స్థలంలో మా అత్తగారి కాలం నుంచీ చేపలు ఎండబెట్టుకునేవాళ్లం. ఆయన ఏనాడూ అద్దె అడగలేదు. 2023 మే 3న ఎయిర్‌పోర్టుకు శంకుస్థాపన జరిగాక మా వైపు స్థలాల బేరాలు ఊపందుకున్నాయి. ఆయనా అమ్మేశారు. కూతురి పెళ్లి అప్పు నెత్తిమీద ఉన్న మనిషి, నేను తప్పు పట్టను. ఇప్పుడక్కడ హద్దు రాళ్లు, ఇనుప గేటు ఉన్నాయి. ఇల్లు మాత్రం ఒక్కటీ లేవలేదు.

అందుకని ఊరి బయట స్థలం అద్దెకు తీసుకున్నాం. తెల్లవారుజామున బోట్లు రాగానే పచ్చి చేపను ఆటోలో వేసుకుని అక్కడికి మోయాలి. ఆటో ఖర్చు, స్థలం అద్దె, ఇద్దరు ఆడవాళ్ల కూలి, ఇవన్నీ కలిసే ఆ 70 రూపాయలు. ఒక మేలు కూడా జరిగింది. ఇదివరకు ఇసుక మీద పరిచేవాళ్లం, ఇప్పుడు కర్రలు పాతి వాటిపై వల కట్టి పరుస్తున్నాం. కింద నుంచీ గాలి ఆడుతుంది కాబట్టి త్వరగా ఎండుతున్నాయి, ఇసుక తగలడం లేదు. మీకు పార్శిల్ అందగానే ఒక చేప తీసి విరిచి చూడండి. టక్కున విరగాలి. వంగిందంటే లోపల తడి ఉన్నట్టే, మాకు తిప్పి పంపేయండి.

ఇళ్ల స్థలాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నెత్తళ్ల రేటు వెనక ఉన్నది అదే. మా మగవాళ్లు చాలామంది గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకు పోతారు. నెలల తరబడి సముద్రంలో ఉండి తెచ్చిన డబ్బుతో రెండు మూడు సెంట్లు కొనుక్కుని, ఆ పై ఏడాది స్లాబు వేసుకునేవారు. ఇప్పుడు ఆ డబ్బు అడ్వాన్సుకే చాలడం లేదు. బయటివాళ్లు స్థలాలను గజాల లెక్కన అడుగుతున్నారు. మా మరిది పెళ్లయ్యాక కూడా మాతోనే ఉంటున్నాడు. రెండు గదుల్లో మూడు సంసారాలు. స్థలాల రేట్లు పెరిగితే ఊరికి మంచిదేగా అంటారు. అమ్ముకుని వెళ్లిపోయేవాళ్లకు మంచిదే. ఇక్కడే పుట్టి, ఇక్కడే వల విసిరి, ఇక్కడే ఇల్లు కట్టుకోవాలనుకునే కుర్రాళ్లకు సొంత ఊరే అందకుండా పోతోంది. నాకు బాధగా ఉండేది అక్కడే.

"అక్కా, బీచ్ పక్కన సైటు ఉంటే చూడండి" అని మీలో కొందరు అడుగుతున్నారు. నేను ఆ బేరాల్లో దిగను. కానీ మీరు నా కస్టమర్లు, తెలిసింది చెప్పకుండా ఉండలేను. ఒడ్డుకు దగ్గర సీఆర్‌జెడ్ నిబంధనలు, అంటే తీరం పక్కన కట్టడాలపై ఆంక్షలు ఉంటాయి. 2019 నోటిఫికేషన్ ప్రకారం పోటు గీత (పోటు వేళ సముద్రం నీళ్లు వచ్చే హద్దు) నుంచి ఊరి జనసాంద్రతను బట్టి 50 మీటర్లో 200 మీటర్లో వదలాలి. మత్స్యకారుల ఇళ్లకు ఉన్న సడలింపు మీకు వర్తించదు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూముల జాబితా) ఉందేమో చూసుకోండి, డి-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అయితే ఇంకా జాగ్రత్త. లేఅవుట్‌కి వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ) అనుమతి కాగితం చేతిలోకి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.

కాగితాల్లో కనబడనివి ఇంకొన్ని. చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఉప్పుగాలికి గ్రిల్స్, ఫ్యాన్లు త్వరగా తుప్పు పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎగిరిన రేకులు, కూలిన కరెంటు స్తంభాలు మేం కళ్లారా చూశాం.

ఇంకో మాట గట్టిగానే చెబుతాను. ఇక్కడ చేపల వాసన ఉంటుంది. ఒడ్డు మాకు పని చేసుకునే చోటు. పొద్దున్నే వలలు దులుపుతారు, చేపల వేలం పాటకు అరుస్తారు, కవళ్ల చేపలు ఎండుతుంటాయి. ఇల్లు కట్టుకున్నాక వాసనని పంచాయతీలో ఫిర్యాదు చేసేటట్టయితే దయచేసి ఇక్కడ కొనకండి. ఈ వాసన, సందడి ఇష్టమే అనుకునేవాళ్లు రండి, మా పక్కింటివాళ్లుగా సంతోషంగా చూసుకుంటాం.

ఇక ఆర్డర్ల విషయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రోజులకు కావలసింది మార్చిలోనే చెప్పండి, ముందే ఎండబెట్టి పెడతాం. ఇప్పటికే డబ్బులు కట్టినవాళ్లకు పాత రేటుకే పంపుతాం.