రాజ్యలక్ష్మి మగాడురా!

ఒరేయ్ కిట్టూ,

ముందు తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇవాళ రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూనే... సరే, సాకులెందుకులే. ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మ మోకాలు కాస్త నయం. నా ఉద్యోగం ఎప్పటిలాగే ఏడుస్తోంది. ఇక అసలు సంగతికొస్తా, చెప్పకపోతే నా కడుపుబ్బరం తగ్గేలా లేదు.

రాజ్యలక్ష్మి మగాడురా! అవును, "ఆ వయ్యారం చూడు, ముమ్మాటికీ ఆడపిల్లే" అని నువ్వు పేరు పెట్టిన గోల్డ్ ఫిష్షే.

ఉండు, మొదట్నుంచీ చెప్తా. నెల కిందట ఓ పొద్దున లైటు వేసి చూస్తే రాజ్యలక్ష్మి మొప్పల మూతల మీద తెల్లటి చుక్కలు, ఉప్పురవ్వ అద్దినట్టు. నా గుండె జారిపోయింది. మొదటి ట్యాంకులో ఆరు చేపల్నీ ఊడ్చేసింది వైట్ స్పాట్ అనే తెల్లచుక్కల జబ్బే కదా. ఆ జబ్బు తెచ్చే పురుగు మహా టక్కరిదిరా. చేప చర్మం కింద దూరి ఉన్నంతసేపూ ఏ మందూ దాన్ని అంటదు. ఎదిగాక రాలి, కింద రాళ్లలో గూడు కట్టుకుని, ఒక్కటి వందలవుతుంది. ఆ పిల్లలు ఇంకో చేప కోసం నీళ్లలో ఈదుతున్నప్పుడే మందు పనిచేసేది. వేడి పెంచితే ఈ తతంగమంతా తొందరగా నడుస్తుంది. ఇదంతా నోటికొచ్చు కదా నాకు! హీటరు 30 డిగ్రీలకు తిప్పా, ఉప్పు వేశా, మిథిలీన్ బ్లూ అనే నీలం మందు దంచేశా. ట్యాంకు సిరాబుడ్డి అయిపోయింది. మూలల్లో సిలికాన్ ఇప్పటికీ నీలమే, నా గోళ్లు కూడా.

నాలుగో రోజుకి రాజ్యలక్ష్మీ, దాని జోడీ చేప భీముడూ రెండూ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు వేస్తున్నాయి. రెక్కలు ముడుచుకుపోయాయి, తోకలో సన్నటి ఎర్రగీతలు. జబ్బు ముదిరిందనుకుని ఇంకో మోతాదు వెయ్యబోయా. మూత తీసి సీసా చేతిలో పట్టుకుని కూడా... తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకో ఆగి అమోనియా టెస్టు చేశా. రోజూ పసుపుగా ఉండే గొట్టం ఆకుపచ్చగా తిరిగింది. నీళ్లే నీలంగా ఉన్నాయి, పసుపూ నీలం కలిసి పచ్చన అయ్యుంటుందని సగం నీళ్లు మార్చా, ఫిల్టర్‌లో బొగ్గు పెట్టా, నీలం దాదాపు పోయాక మళ్లీ చూశా. అప్పుడూ ఆకుపచ్చే, అంటే నీళ్లలో అమోనియా ఎక్కినట్టే!

నా మందు ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియాని చంపేసిందిరా. చేపలు వదిలే అమోనియాని తినేవాళ్లే లేరు. పైగా వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, అమోనియా విషం ఎక్కువ. జబ్బు లేని చేపకి జబ్బు చేసింది నేనే. డాక్టర్ గారూ అని నువ్వు వెక్కిరించేవాడివి, ఇక ఆ బిరుదు నాకొద్దు.

ఆ రాత్రి టార్చి వేసి భూతద్దంతో చూశా. చుక్కలు మొప్పల మూతల మీదా, ముందు రెక్కల మొదటి ముల్లు పొడవునా, జిప్పు పళ్లలా వరసగా ఉన్నాయి. తోక మీద ఒక్కటీ లేదు. అన్ని రోజుల్లో ఒక్కటీ రాల్లేదు, కొత్తది పుట్టలేదు. వైట్ స్పాట్ అయితే ఒళ్లంతా చల్లినట్టు ఉంటుంది, చేప రాళ్లకేసి రుద్దుకుంటుంది. ఇదెప్పుడు రుద్దుకుంది? ఎంతసేపూ భీముడి వెనకాల పడి పొట్టలో పొడవడమే. దాన్ని కూడా జ్వరం చిరాకనుకున్నా చూడు! జతకట్టే కాలంలో మగ గోల్డ్ ఫిష్‌కి వచ్చే పొక్కులురా అవి. పెళ్లికొడుకు ముస్తాబు! దానికి నేను నాలుగు రోజులు మందు పోశా.

తర్వాత రెండు వారాలు రోజూ నీళ్లు మార్చడమే నా బతుకు. మేత బాగా తగ్గించా. అమోనియా దిగేసరికి దాన్నుంచి పుట్టే ఇంకో విషం, నైట్రైట్, ఎక్కింది. అప్పుడు మాత్రం ఉప్పు ఆదుకుంది, నైట్రైట్‌ని మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదది. మనం చేసిన వాటిలో అనుకోకుండా పనికొచ్చింది అదొక్కటే.

ఇక విను. మొన్న ఆదివారం పొద్దున మొక్కల వేళ్లకి సగ్గుబియ్యం కంటే చిన్న గుడ్లు! పెట్టింది ఎవరనుకున్నావ్? భీముడు! నీ భీముడే! నేను గుడ్లు తీసేలోపే ఆ మహాతల్లి వాటినే నములుతోంది. దొరికినన్ని వేరే గిన్నెలోకి మార్చా. బూజు పట్టకుండా అందులో ఏం వేశానో చెప్పుకో. మిథిలీన్ బ్లూ, ఒకే ఒక్క చుక్క. చెయ్యి వణికింది. పాలలా తెల్లబడినవి ఏరి పారేశా. మిగిలిన వాటిలో నిన్నట్నుంచి రెండేసి నల్లచుక్కలు, కళ్లురా అవి, నన్నే చూస్తున్నాయి. పేర్లు మాత్రం ఈసారి నువ్వు పెట్టకు, అసలు నేను ఏమనుకుంటున్నానంటే...

ఒరేయ్, గిన్నె అంచున ఏదో వెంట్రుక ముక్కలాంటిది కదిలింది. ఉంటానురా, మళ్లీ రాస్తా!

నీ,
మాజీ డాక్టర్