రాత్రిపూట ఆ వంతెన మీదుగా రావద్దు

సింగ్ నగర్,
విజయవాడ.

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. చిన్నోడి సంబంధం మళ్ళీ తప్పిపోయింది.

నువ్వు డబ్లిన్ నుంచి పంపిన హేపెన్నీ బ్రిడ్జి ఫోటో ప్రింట్ తీయించి టీవీ పక్కన పెట్టాను. దాని గురించి చదివాను కూడా. 1816 నాటిదట. ఇంగ్లండ్‌లో పోతపోసిన ఇనుము తెచ్చి కట్టారు. అంతకుముందు అక్కడ పడవలే. అవి పాడైపోతే బాగుచేయించు, లేదా వంతెన కట్టు అన్నారట రేవు పాటదారుని. అతను వంతెనే కట్టి, దాటిన మనిషికల్లా అర పెన్నీ వసూలు చేసుకున్నాడు. 1919 దాకా ఆ సుంకం ఉంది. ఇన్నేళ్ళుగా నడిచేవాళ్ళకే ఉంచారు చూడు, అది నాకు బాగా నచ్చింది. మన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది, దాని మీద నడవాలంటే బైకులు దారి ఇవ్వవు.

రాత్రి పదకొండు దాటాక నువ్వు ఒక్కదానివే ఆ హేపెన్నీ బ్రిడ్జి మీదుగా రూముకి వస్తున్నావట. రాజ్యం అత్తయ్య కొడుకు చెప్పాడు. నిజమేనా? ఆదివారం ఫోన్ కూడా చెయ్యలేదు.

దాని కింద పారే లిఫీ నదికి సముద్రపు పోటు వస్తుందట. రెయిలింగ్ మీదకి వంగి ఫోటోలు తీసుకోకు. దానికి ప్రేమ గుర్తుగా తాళాలు కూడా వేస్తారటగా, కార్పొరేషన్ వాళ్ళు తీసేస్తున్నారట. ఆ బరువుకి పాత ఇనుము దెబ్బతింటుంది. నువ్వు వెయ్యకు, స్నేహితులనీ వెయ్యనివ్వకు.

2024 సెప్టెంబరు గుర్తుందిగా. అటు కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటింది, బ్యారేజీ గేట్ల దగ్గరికి పడవలు కొట్టుకొచ్చి గుద్దుకున్నాయి. ఇటు బుడమేరు గండిపడి మన వీధిలోకొచ్చింది. గుమ్మం దాకా వచ్చిన నీళ్ళు చూస్తుండగానే కిటికీ అందుకున్నాయి. బియ్యం డబ్బా, అమ్మ మందులు, నీ సర్టిఫికెట్ల సంచి పట్టుకుని పైవాటాలోకి ఎక్కాం. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. పాల ప్యాకెట్ కోసం మేడ మీద నుంచి చీర ఊపింది మీ అమ్మ. అక్కడ నువ్వు నిద్ర లేకుండా పెదబావకి, ప్రసాదుకి, పక్కింటి మాస్టారికి అందరికీ ఫోన్లు చేశావు. పెదబావ పడవవాళ్ళని బతిమాలి మా దాకా వచ్చాక నీకు ఫోన్ కలిపితే, నువ్వు మాట్లాడలేదు, ఏడ్చావు. ఫోన్ మోగకపోతే ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

అక్కడ మనవాళ్ళ మీద దాడులు జరిగాయని పేపర్లో వచ్చింది. పగలు ఆ వంతెన మీద ఎంతసేపైనా నిలబడు, నది చూడు. రాత్రి షిఫ్ట్ మాత్రం మార్చమని అడుగు. మార్చకపోతే ఆ పని మానెయ్యి, డబ్బు నేను పంపుతాను. మానేదాకా తోడు లేకుండా రాకు, చెవుల్లో పాటలు పెట్టుకుని అసలే రాకు.

ఈ పార్సిల్‌లో గోంగూర, నల్లకారం ఉన్నాయి. గోంగూర సీసా నిలబెట్టే ఉంచు, నూనె కారుతుంది. అందగానే ఫోన్ చెయ్యి, ఏ టైమైనా ఫర్వాలేదు.

నాన్న