చక్కెర పట్టించిన వేరుశనగ గింజల సంగతి

అనంతపురం

చిరంజీవి నాయనకు అమ్మ ఆశీస్సులు.

గింజలకు చక్కెర పాకం పట్టిస్తుంటే అంతా తెల్లగా ఇసుకలా అయిపోయిందనీ, చెడిపోయిందనుకొని పారబోశాననీ ఫోనులో చెప్పావు. అది చెడిపోవడం కాదు నాయనా, పని సగంలో ఉండగానే నువ్వు పొయ్యి ఆర్పేశావు.

రెండు గ్లాసుల గింజలకు ఒక గ్లాసు చక్కెర, అందులో మూడోవంతు నీళ్లు చాలు. ముందుగా గింజలను ఏరుకోవాలి. ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి, నల్లబడినవి నిర్దాక్షిణ్యంగా తీసెయ్యి; అఫ్లాటాక్సిన్ అనే విషం అలాంటి వాటిలోనే ఎక్కువగా చేరుతుంది, వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు. మంచి గింజలను సన్నని సెగ మీద దోరగా వేయించు, పొట్టు మాత్రం తీయకు. నున్నని గింజకన్నా గరుకుగా ఉన్న పొట్టునే చక్కెర బాగా పట్టుకుంటుంది.

తరువాత అడుగు మందంగా ఉన్న బాండ్లిలో నీళ్లు, చక్కెర మరిగించి, పాకం చిక్కబడుతుండగా గింజలు వేసి కలుపుతూ ఉండాలి. నీళ్లు ఇగిరిపోయాక, మనం కలిపే కొద్దీ చక్కెర మళ్లీ పలుకులు కట్టి గింజలకు అంటుకుంటుంది. నువ్వు చూసి భయపడిన ఇసుక ఇదే. తెల్లగా కరకరలాడేవి కావాలంటే ఇక్కడే దించుకోవచ్చు. ఎర్రగా, అద్దంలా మెరిసేవి కావాలంటే సెగ తగ్గించి, చెయ్యి ఆపకుండా కలుపుతూనే ఉండు. అడుగునున్న పలుకులు కరిగి, వేడి 160 డిగ్రీల సెల్సియస్ దాటాక చక్కెర రంగు తిరిగి, కమ్మని వాసన వస్తుంది. తేనె రంగు రాగానే చిటికెడు ఉప్పు, యాలకుల పొడి, చెంచా నెయ్యి వేసి దించెయ్యి. ఇంకాస్త చూద్దామని ఆగితే చేదెక్కుతుంది. నెయ్యి రాసిన పళ్లెంలో పోసి, వేడి మీదనే రెండు చెంచాలతో విడదీయాలి. వేలు పెట్టి రుచి చూడబోకు. పాకం చర్మానికి అతుక్కొని మరుగు నీళ్లకన్నా ఘోరంగా కాలుస్తుంది.

నిమ్మరసం పిండమని ఎవరైనా చెబితే, ఈ వంటకు మాత్రం వద్దు. పులుపు చక్కెరను గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొట్టి పలుకు కట్టనివ్వదు. బెల్లంలో అవి కొంత సహజంగానే ఉంటాయి గనుకనే పప్పుచెక్క పాకం ఇసుక కాకుండా గాజులా బిగుస్తుంది. జీడిపప్పుతోనూ ఇలాగే చేసుకోవచ్చు గానీ, అది తొందరగా మాడుతుంది, పైగా ఇంట్లో వేరుశనగ బుడ్డల మూట ఉండగా ఆ ఖర్చు నాకు నచ్చదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన అనంతపురంలో మూత సరిగ్గా పెట్టకపోయినా అవి కొన్నాళ్లు కరకరలాడతాయి. చెన్నై సముద్రపు గాలికి సాయంత్రానికే జిగురెక్కుతాయి. అందుకని పూర్తిగా చల్లారాక, బిగుతు మూత ఉన్న గాజు సీసాలో వేసి ఉంచు. బాండ్లికి అంటిన పాకాన్ని గీకి కష్టపడొద్దు, నీళ్లు పోసి మరిగిస్తే అదే కరిగిపోతుంది.

వచ్చే వారం మీ బాబాయి అక్కడికి వస్తున్నాడు, కొత్త పంట బుడ్డలు ఒలిపించి పంపుతాను.

ఇట్లు,
మీ అమ్మ