మా 12 వోల్టుల బెంచ్ సప్లై కొన్నవారికి

నమస్కారం. మేం అమ్మిన 12 వోల్టుల, 2 ఆంపియర్ల బెంచ్ పవర్ సప్లైల్లో (ల్యాబ్ బల్ల మీద సర్క్యూట్లకు డీసీ ఇచ్చే పెట్టెలు) నాలుగు ఈ రెండు నెలల్లో పాడై తిరిగొచ్చాయి. నాలుగూ పల్లెల నుంచే. వాడినవారి తప్పేమీ లేదు, తప్పు నా డిజైన్‌లోనే ఉంది.

మొదటిది విప్పగానే పెద్ద కెపాసిటర్ పైభాగం ఉబ్బిపోయి కనిపించింది. దాని మీద 35 వోల్టులు అని ఉంది, అంటే అంతకు మించి పెట్టకూడదు. మా యూనిట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ 230ని 24కి దించుతుంది. ఏసీని డీసీ చేసే డయోడ్ల బ్రిడ్జి, దాన్ని నిలకడ చేసే కెపాసిటర్ దాటాక ఎల్ఎం2596 అనే స్విచింగ్ రెగ్యులేటర్ ఐసీ సెకనుకు లక్షన్నర సార్లు స్విచ్ అవుతూ 12 వోల్టులు ఇస్తుంది. 24 వోల్టుల ఏసీకి పీక్ (అల శిఖరం) 34, డయోడ్లలో పోగా 32 చిల్లర. 35 సరిపోతుందనుకున్నాను. షాపులో ఫుల్ లోడు (పూర్తి 2 ఆంపియర్లు లాగేలా) పెట్టి చూసినప్పుడు సరిపోయింది కూడా.

లోడు లేకుండా చూడలేదు, అక్కడే పొరపాటు జరిగింది. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసే 24 ఫుల్ లోడులో వచ్చేది. ఖాళీగా ఉంటే మా దాంట్లో 27 వస్తోంది. పైగా రాత్రి మోటార్లన్నీ ఆగాక ఆ నాలుగు చోట్లా లైను వోల్టేజీ బాగా పెరుగుతోందట. డిమ్మర్‌స్టాట్ (లైను వోల్టేజీని పెంచి తగ్గించే పరికరం) 260కి తిప్పి, లోడు తీసేసి మల్టీమీటర్ పెట్టాను. కెపాసిటర్ మీద 41 దాటింది. ఆ ఐసీకి ఇవ్వదగ్గ ఇన్‌పుటే 40. చూసి చాలా బాధేసింది.

ఇప్పుడు 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, 63 వోల్టుల 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తున్నాం. 260లో ఖాళీగా ఉన్నా 32 దాటడం లేదు. లైను 180కి పడిపోయినా, ఫుల్ లోడులో 12 నిలుస్తోంది. స్విచింగ్ రెగ్యులేటర్ ఇన్‌పుట్ తగ్గేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ (తీగ చుట్ట) 3 ఆంపియర్లకు చుట్టిస్తున్నాం.

ఇంత బరువు ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు, మొబైల్ చార్జర్‌లా చేయొచ్చు కదా అని కొందరు అడిగారు. అందులోనూ ఐసొలేషన్ (మెయిన్స్ లైనుకూ అవుట్‌పుట్‌కూ నేరుగా కనెక్షన్ లేకపోవడం) ఉంటుంది, నిజమే. కానీ అది మెయిన్స్‌నే నేరుగా డీసీ చేస్తుంది కాబట్టి, మూత తీస్తే 325 వోల్టుల డీసీ ఎదురుగా ఉంటుంది. మా యూనిట్లు మూత తీసి నేర్చుకునే పాలిటెక్నిక్ పిల్లల దగ్గరకు వెళ్తున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ దాటాక బోర్డు మీద ఎక్కడా మెయిన్స్ ఉండకూడదన్నది నా పట్టుదల. దాన్ని మాత్రం మార్చను.

వెనక స్టిక్కర్ మీద 24 అని ఉంటే, పని లేనప్పుడు ప్లగ్ తీసేయండి. కెపాసిటర్ ఉబ్బినట్టుంటే అసలు వాడకండి. మాకు పంపితే ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు రెండూ ఉచితంగా మారుస్తాం, రానూపోనూ కొరియర్ ఖర్చు మాదే. వైండింగ్ అయి రావడానికి మూడు వారాలు పడుతుంది. ముందు కాలేజీ ల్యాబ్‌లవి చేసి, తర్వాత వచ్చిన వరుసలో మిగతావి చేస్తాం.