రాత్రి బస్సులో విన్న కథ
అన్నలూ, అక్కలూ, నిన్న రాత్రి కర్నూలు నుంచి కడపకు వస్తూ బస్సులో 'ఫ్రాస్ట్‌ఫైర్' విన్నా, ఇంకా అందులోంచి బయటికి రాలేదు. 1963లో బీబీసీలో మొదలైన 'డాక్టర్ హూ' సీరియల్ (కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే 'డాక్టర్' అనే హీరో కథ) పాత్రలతో బిగ్ ఫినిష్ అనే బ్రిటిష్ ఆడియో కంపెనీ వాళ్లు 2007లో తెచ్చిన ఆడియో నాటకం. ఆ డాక్టర్ పాత్రను అందరికంటే మొదట వేసిన విలియం హార్ట్‌నెల్ 1975లోనే పోయారు, అందుకే కథంతా డాక్టర్‌తో కలిసి తిరిగిన విక్కీ అనే అమ్మాయి చెబుతుంది, టీవీలో ఆ పాత్ర వేసిన మౌరీన్ ఓబ్రయన్ గొంతుతోనే. కథ జరిగేది 1814లో, లండన్‌లో గడ్డకట్టిన థేమ్స్ నది మీద తిరునాళ్లలో! డాక్టర్ మాటలు కూడా ఆమే పలుకుతుంటే ఆ పెద్దాయన నా పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంది. నంద్యాల ఎప్పుడు దాటిందో తెలియలేదు. చిన్నప్పుడు రేడియో నాటకాలు ఇష్టంగా విన్నవాళ్లు తప్పకుండా వినండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, లైటు ఆపేసి.