శీనుగాడికి, తుమ్మి పువ్వు సంగతి

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ఓణం పూల ముగ్గు ఫొటో చూశాను. మధ్యలో ఉన్న ఆ చిన్న తెల్ల పూలు మన తుమ్మి పూలేనా అని అడిగావు కదా, అవేరా! బడికి పోతూ పీకి, వెనక నుంచి తేనె జుర్రుకునేవాళ్లం, మర్చిపోయావా? కొచ్చిలో ఇన్నేళ్లుగా ఉంటూ ఇప్పుడా చూసేది? అక్కడ వాటిని తుంబ అంటారు. ఓణానికి మట్టితో చేసే వామనుడి బొమ్మ, అదే తృక్కాక్కర అప్పన్ మీద కూడా ఆ పూలే పెడతారు. తృక్కాక్కర వామనుడి గుడి మీ దగ్గరే ఉంది, ఒక ఆదివారం పోయి రా.

మన దగ్గర సంగతి వేరే. వినాయక చవితి నాడు తుమ్మికూర తినాల్సిందే. తమాషా ఏంటంటే పూజలో చదివే 21 పత్రుల్లో దాని పేరే లేదు. గరిక, మారేడు, ఉమ్మెత్త అన్నీ దేవుడి ముందుకు పోతే, ఇదొక్కటే పొయ్యి మీదికి పోతుంది. పూలేమో శివుడికి. అంటే కొడుకు పండగకు ఆకు మనకు, పువ్వు తండ్రికి అన్నమాట.

ఈసారి అమ్మ పొద్దున్నే నన్ను తుమ్మికూరకు తరిమింది. మన పొలం గట్లన్నీ తిరిగాను, ఒక్క మొక్క లేదు. అందరూ గడ్డిమందు కొడుతున్నారు, ఇంకెక్కడ మిగులుతుంది? చివరికి చెరువు కట్ట వెనక దొరికింది. మా మరదలు హైదరాబాద్‌లో పెరిగిన పిల్ల. "తుమ్మ చెట్టు ఆకు తింటారా, ముళ్లు గుచ్చుకోవా?" అంది. అమ్మ నవ్వలేక చచ్చింది. మార్కెట్లో కట్టలు అమ్ముతారు గానీ, పోయినేడు ఒకామె అందులో వేరే పిచ్చి మొక్కలు కలిపి ఇచ్చింది. కాడ పట్టుకుంటే తెలిసిపోతుంది, తులసి కాడలాగే నాలుగు పలకలుగా ఉంటుంది. రెండూ ఒకే కుటుంబం మరి. పెసరపప్పు, చింతపండు వేసి వండినా చేదు పోదు. మా చిన్నది ముద్ద నోట్లో పెట్టుకుని చూసిన చూపు నీకు ఫొటో తీసి పంపాల్సింది.

మా నాయనమ్మ గుర్తుందా? కార్తీకంలో తుమ్మి పూలు కోసేది. అంత చిన్న పూలు దోసెడు కావాలంటే గంట పడుతుంది. ఆ గంటసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. మనమేమో చీమలు కుట్టి ఎప్పుడు అరుస్తుందా అని ఎదురుచూసేవాళ్లం! ఆయుర్వేదంలో దీన్ని ద్రోణపుష్పి అంటారు. ద్రోణం అంటే దొన్నె లాంటి పాత్ర, పువ్వు ఆకారాన్ని బట్టి ఆ పేరు. పువ్వును దగ్గరగా చూడు, కింది రేకు నాలుక చాపినట్టుంటుంది.

ఇక మందు సంగతి. రొంప పడితే ఆకులు మరిగించి ఆవిరి పట్టడం నాకు ఇప్పటికీ అలవాటే. వేడి ఆవిరికి ఊపిరాడుతుంది. అందులో ఆకు గొప్ప ఎంతో, నీళ్ల గొప్ప ఎంతో నేను చెప్పలేను. తలనొప్పికి అమ్మ పసరు ముక్కులో పిండేది. ఆ మంటకు పది తుమ్ములు వచ్చేవి, పేరు అందుకే పెట్టారేమో అనుకునేవాణ్ని. ఇప్పుడు మా పిల్లకు మాత్రం పిండనివ్వను, ఈ విషయంలో ఇంట్లో రోజూ గొడవే. పాము కరిస్తే తుమ్మి పసరు పోయాలని మన ఊళ్లో ఇంకా అంటారు చూడు, దానికి మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. గాజు గొట్టాల్లో, ఎలుకల మీద పరీక్షలు చేశారు, నిజమే. కానీ కరిచినవాడికి కావలసింది ఆసుపత్రిలో ఉండే విషం విరుగుడు ఇంజెక్షన్. పసరు నూరుతూ కూర్చుంటే ఆ టైమంతా పోయినట్టే.

సరే, ఒక పని చెయ్యి. మీ వీధిలో పూలు తెచ్చేవాళ్లను అడుగు, తుంబ ఇంకా ఎక్కడ దొరుకుతోందో, ఆకు కూర వండుతారో లేదో. వండితే ఎలాగో రాసి పంపు. చేదు తగ్గే ఉపాయం ఉందేమో అని అమ్మ అడగమంది.

నీ
రాజుగాడు