ఆమె నడిపిన ఓడల సంగతి కూడా రాయాల్సింది

ఎడిటర్ గారికి నమస్తే అండి,

పోయిన ఆదివారం మీ మహిళల పేజీలో స్వీడన్ లేడీ పైరేట్ ఇంగెలా గాథెన్‌యెల్మ్ గురించి వేశారు, మా అమ్మకి కూడా చదివి వినిపించినా. కానీ బొమ్మలో ఆమెకి ఒక కంటికి గుడ్డ కట్టి చేతిలో కత్తి పెట్టారు, అది చూసి మనసు చివుక్కుమంది.

ఆమె 1692లో పుట్టింది, ఊరు ఓన్సాలా, స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ అనే రేవు పట్నానికి దక్షిణాన. అప్పట్లో స్వీడన్‌కి డెన్మార్క్‌తో, రష్యాతో పెద్ద యుద్ధం జరగతా ఉండె, శత్రువుల సరుకు ఓడల్ని పట్టుకోమని రాజు 12వ చార్లెస్ 1710లో ఆమె భర్త లార్స్‌కి పర్మిషన్ ఇచ్చినాడు. స్వీడన్‌కి అది లైసెన్సు ఉన్న పని, ఓడ పోగొట్టుకున్నోళ్ళకి మాత్రం దోపిడీనే, అది నేను కాదనను. 1718లో లార్స్ క్షయతో పోయినాడు. అప్పటికి ఇంగెలాకి పాతికేళ్ళు, పిల్లలు చిన్నోళ్ళు, అయినా ఓడలు అమ్ముకొని ఇంట్లో కూర్చోకుండా ఆ వ్యాపారమంతా తనే నెత్తినేసుకొని నడిపింది. 1721లో యుద్ధం అయిపోయాక మళ్ళీ పెళ్ళి చేసుకుంది, 1729లో పోయింది. ఓన్సాలా చర్చిలో లార్స్‌దీ ఆమెదీ రాతి శవపేటికలు ఇప్పటికీ ఉన్నాయి. మీరు ఈ నడిపిన సంగతి ఒక్క లైన్లో తేల్చేశారు.

మాది కావలి పక్కన సముద్రం ఒడ్డు ఊరు. మా నాయన పోయినాక పడవ మా అమ్మే నడిపింది, డీజిల్ ఎంత పోసినారు, ఐస్ ఎన్ని దిమ్మలు, వేటకి పోయినోళ్ళకి ఎవరి వాటా ఎంత అన్నీ మా పాత స్కూలు నోటుబుక్కుల వెనక పేజీల్లో రాసేది, తడి చేతుల్తో రాస్తే ఇంకు అలుక్కుపోయేది. పడవ కాగితాలు తన పేరు మీదకి మార్పించుకోడానికి ఆఫీసుకి పోతే మగదిక్కు ఎవరూ లేరా అమ్మా, వాళ్ళని పంపీ అన్నారు, 4 సార్లు తిరిగింది. ఇంగెలా కథ విన్నాక అమ్మ నన్ను అడిగింది కూడా కాగితాల గురించే, కత్తి గురించి కాదు.

అందుకే ఈ ఉత్తరం. మీ విలేకరిని ఎవరినైనా ఒకరోజు తెల్లారి మా ఒడ్డుకి పంపండి, చేపల వేలం పాట దగ్గర గంపలు ముందర పెట్టుకోని బేరం తెగ్గొట్టేది మా ఆడోళ్ళే. ఈసారి వాళ్ళ ఫొటో వేయండి.

ఇట్లు
ఒక మత్స్యకారుడి కూతురు,
నెల్లూరు జిల్లా